వలీమాలో వెయ్యి బాటిళ్లు

మన దావతుల్లో బిర్యానీ పారబోయడం గురించి ఎవరో ఒకరు బయాన్ చేస్తూనే ఉంటారు. నీళ్ల బాటిల్ గురించి మాత్రం ఏ మౌలానా నోరు విప్పగా నేను వినలేదు.

ఏ షాదీఖానాకైనా వెళ్లి చూడండి. దస్తర్‌ఖాన్ పరవగానే రికాబీ పక్కన 200 మిల్లీలీటర్ల బాటిల్ పెట్టేస్తారు. మెహమాన్ రెండు గుటకలు తాగుతాడు. ఖుబానీ కా మీఠా అయ్యాక ఇంకోటి తీస్తాడు. మొదటిది ఎవరిదో ఎవరికీ యాద్ ఉండదు. 500 మంది వస్తే 1000 బాటిళ్లు. సగం నీళ్లతోనే, సాలన్ పూసుకుని, ఎముకలతో పాటు ఒకే గోనెసంచిలోకి పోతాయి. వుజూ చేసేటప్పుడు నల్లా ఎక్కువ తిప్పితే ఇస్రాఫ్ అని పిల్లల్ని కోప్పడేది కూడా మనమే.

అడిగితే జవాబు తయారుగా ఉంటుంది: "రీసైకిల్ అవుతుంది కదా భాయ్!"

ఎలా అవుతుందో తెలుసా? నీళ్లున్న బాటిల్‌ని కబాడీవాలా తీసుకోడు, తూకంలో నీళ్లకు పైసలెవరిస్తారు? ఒక్కోదాని మూత తిప్పి పారబోసేది చెత్త ఏరుకునే ఆడబిడ్డ. చిన్న బాటిల్ బరువు దాదాపు 10 గ్రాములు. కిలో కావాలంటే వంద ఏరాలి. లీటర్ బాటిళ్లైతే అందులో సగం చాలు. ఆ వందింటి కోసం ఆమె మనం నమిలి పడేసిన ఎముకల్లో చేతులు పెట్టాలి. ఆ ఆడబిడ్డ చాలాసార్లు మన బస్తీదే.

ఫ్యాక్టరీకి చేరాక బాటిళ్లను ముక్కలు చేసి నీళ్లలో వేస్తారు. బాటిల్ ప్లాస్టిక్ మునుగుతుంది, మూతది తేలుతుంది, ఎందుకంటే అవి రెండూ వేరు వేరు రకాలు. నూనె, సాలన్ అంటినవి మంచి మాల్‌ని కూడా ఖరాబ్ చేస్తాయి. ఇంత తతంగం దాటి మిగిలిందాంట్లో ఎక్కువ భాగం పాలిస్టర్ దారం అవుతుంది. తకియాల్లో దూది బదులు, చవక బట్టల్లో, కార్పెట్లలో చేరుతుంది. ఆ బట్ట చినిగాక మళ్లీ కరిగించేవాడు దాదాపు లేడు. అంటే రీసైకిల్ పేరుతో చెత్తను కొన్నేళ్లు వాయిదా వేస్తున్నాం, అంతే.

సర్కారు 2022 జూలై 1 నుంచి ప్లాస్టిక్ ప్లేట్లు, గ్లాసులు, స్ట్రాలు, చెంచాలు బంద్ చేసింది. ఆ జాబితాలో నీళ్ల బాటిల్ లేదు. ఖానూన్ వదిలేసింది కాబట్టి జాయెజే అనుకుంటున్నాం. అదే ఏడాది జనవరి నుంచి సిక్కిం మాత్రం బాటిల్ నీళ్లను ఆపాలని నిర్ణయించుకుంది. అంత దూరమెందుకు, రోజూ వేలకు వేల మంది ఎక్కే తిరుమల కొండ మీద ప్లాస్టిక్ బాటిళ్లు ఆపి గాజు సీసాలు తెచ్చారు. వాళ్లకు చేతనైంది మనకు 500 మందికి చేతకాదా?

అసలు మర్జ్ ఇజ్జత్. "సీల్ బాటిల్ పెట్టకపోతే సమధీలు ఏమనుకుంటారు?" మొహర్రంలో సబీల్ పెట్టి, మట్టి కుండలోంచి కటోరాతో ముంచి దారిన పోయేవాళ్లకు నీళ్లిచ్చిన ఖౌమ్ మనది. చేత్తో పోసి ఇవ్వడమే అదబ్ అని మా నానీమా కాలంలో అనేవాళ్లు. ఇప్పుడు స్టీలు గ్లాసు పెడితే గరీబీ అట.

"కరోనా తర్వాత ఎంగిలి గ్లాసులా?" అనే ఆపాలకు ఒక్క సవాల్. కడిగిన రికాబీలో బిర్యానీ తింటున్నారు, కడిగిన గ్లాసులో నీళ్లు తాగలేరా? డేగ్ కింద నిప్పులు ఎలాగూ ఉంటాయి. పక్కన ఓ గుండిగలో నీళ్లు మరిగించి గ్లాసులు ముంచి తీయండి.

లెక్క కూడా కష్టమేం కాదు. మనిషికి అర లీటర్ చొప్పున 500 మందికి 250 లీటర్లు, అంటే 20 లీటర్ల డబ్బాలు 13. కేటరర్‌తో ప్లేటు ధర మాట్లాడేటప్పుడే బాటిల్ తీసేయమని చెప్పండి, ఆ పైసలు తగ్గించమనండి. మస్జిద్‌లో ఇఫ్తార్ పెట్టే కమిటీలకూ ఇదే మాట. సఫర్‌కో, బీమార్లకో బాటిల్ తప్పదంటే పెద్దది కొనండి, ఖాళీ చేసి వేరే సంచిలో వేసి కబాడీకి ఇవ్వండి.

డేగ్‌లూ దరీలూ కిరాయికిచ్చే షాదీఖానా వాళ్లు నాలుగొందల గ్లాసులు, యాభై జగ్గులు కొని పెట్టలేరా? ఒకచోట అడిగాను. "ముందు పెద్దింటోళ్లెవరైనా మొదలుపెట్టనీయండి సాబ్" అన్నారు. పెద్దింటాయన్ని అడిగితే, ముందు చిన్న దావతుల్లో రివాజ్ కావాలట.