బ్రేకు లైటును చూసేదెవరు?

గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు ఒక్క సెకనులో 22 మీటర్లు దాటేస్తుంది. ముందు బండి ఆగబోతోందని వెనకవారికి ఒక సెకను ఆలస్యంగా తెలిస్తే అంత దూరమూ చేజారినట్టే. ఆ సెకనును మిగిల్చేది బ్రేకు లైటు. హెడ్‌లైటు పోతే దారి కనబడదు గనుక మర్నాడే మెకానిక్ దగ్గరికి పరుగెత్తుతాం. బ్రేకు లైటు పోతే నడిపేవారికి తెలియనే తెలియదు. ముప్పు మొదట వెనకొచ్చేవారికే.

చట్టం ఈ విషయంలో స్పష్టంగానే ఉంది. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 102వది బ్రేకు వేయగానే వెనక ఎర్ర లైటు వెలగాలంటుంది. ఇండికేటరు, రివర్స్ లైటు వంటి కొన్నింటిని మినహాయిస్తే వెనకవైపు ఎరుపు తప్ప మరో రంగు చూపరాదని 108వ నిబంధన. అయినా లైట్ల మీద నల్ల ఫిల్మ్ అంటించిన కార్లు, మిణుకుమిణుకుమనే రంగుల ఎల్‌ఈడీలు బిగించిన బైకులు హైదరాబాద్‌లోనూ విజయవాడలోనూ యథేచ్ఛగా తిరుగుతున్నాయి. అలంకారం పేరిట ఎదుటివారి ప్రాణాలతో ఆడుకునే హక్కు ఎవరికీ లేదు.

లోటంతా తనిఖీలోనే. లారీలు, బస్సులు, ట్యాక్సీలకు 8 ఏళ్ల వరకు రెండేళ్లకోసారి, ఆపైన ఏటా ఫిట్‌నెస్ పరీక్ష ఉంది. సొంత కారుకు, బైకుకు రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. అన్నేళ్లూ వాటి లైట్లను పరీక్షించే నాథుడు లేడు. బ్రిటన్‌లో మూడేళ్లు నిండిన కారుకు ఏటా పరీక్ష తప్పదు, అందులో బ్రేకు లైట్లనూ చూస్తారు. కూడళ్లలో కెమెరాలున్నాయి కదా అనొచ్చు. హెల్మెట్ లేని తల ఫొటోలో దొరుకుతుంది గానీ, బ్రేకు నొక్కినా లైటు వెలగలేదన్న సంగతి ఫొటోలో ఎలా తేలుతుంది?

అలాగని ఈ తనిఖీని పూర్తిగా పోలీసులకు వదిలేయడమూ మంచిది కాదు. అమెరికాలోని నార్త్ కరోలినాలో 2009లో ఒక బ్రేకు లైటు వెలగడం లేదని పోలీసు ఓ కారును ఆపి, సోదా చేశాడు. ఒక్క లైటు పనిచేస్తే చాలన్నదే అక్కడి చట్టమని రాష్ట్ర అప్పీలు కోర్టు తేల్చింది. అయినా పోలీసు పొరబాటు సహేతుకమైనదేనంటూ 2014లో అమెరికా సుప్రీంకోర్టు ఆ ఆపడాన్ని సమర్థించింది. జస్టిస్ సోటోమేయర్ ఒక్కరే విభేదించారు. కాలిపోయిన బల్బు సోదాకు సాకు కాకూడదు.

మనకు మరో దారి చేతిలోనే ఉంది. సొంత బండ్లయినా సరే, బీఎస్-4, ఆ తర్వాతి వాహనాలు కాలుష్య ధ్రువపత్రాన్ని ఏటా తీసుకోవాలి. పెట్రోలు బంకు పక్కన ఆ పరీక్ష చేసే కుర్రాడు సైలెన్సర్‌లో గొట్టం పెట్టడానికి సరిగ్గా బండి వెనకే నిలబడతాడు. ‘ఒకసారి బ్రేకు నొక్కండి’ అని అడిగే బాధ్యతను రవాణా శాఖ అతనికి అప్పగించాలి. లైటు వెలగకపోతే జరిమానా వద్దు. బ్రిటన్ పోలీసులు ఇలాంటి లోపాలకు 14 రోజుల గడువిచ్చి, బాగుచేయించినట్టు రుజువు చూపితే కేసు వదిలేసే పద్ధతి పాటిస్తున్నారు. ఇక్కడా అలాంటి గడువే ఇచ్చి, లైటు వెలిగాకే పత్రం చేతికివ్వాలి.