పాట లేని గురుకులములు

గురుకులమనునది మన జాతి మిక్కిలి గౌరవముతో ఉచ్చరించుచు వచ్చిన మాట. ఆ మాటను నేడు విజయవాడ పరిసరములలో ఎవరెవరు తమ ద్వారములకు తగిలించుకొనియున్నారో చూచినవారికి నవ్వును రాదు, ఏడ్పును రాదు. గూడవల్లి, నిడమానూరు, కానూరు, ఈడుపుగల్లు మొదలగు గ్రామముల చుట్టును, ఒకప్పుడు కాలువ నీటితో వరి పండిన నేలపై, అంతస్తుమీద అంతస్తుగా వసతి పాఠశాలలును కళాశాలలును లేచినవి. తెల్లవారకముందే గంట, ప్రొద్దుపోవువరకు చదువు, నడుమ భోజనమునకు వరుస. గణితము, భౌతికము, రసాయనము, మరల గణితము. వీనిలో పెక్కింటి దినచర్యయందు ఏ గడియలోను పాటకు చోటు లేదు. ఇది మరపున జరిగిన లోపము కాదు, లెక్కవేసికొని చేసిన తొలగింపు. దీనిని అన్యాయమని మేము చెప్పుచున్నాము.

ఎందుకు అన్యాయమో వివరింతుము. పగటి పాఠశాల బాలుని దినములో ఆరేడు గంటలు మాత్రమే తీసికొనును. అచ్చట సంగీతము చెప్పకపోయినను, వాడు సాయంకాలము రామమందిరములో భజన వినును. ఇంట నాయనమ్మ పాడు మంగళహారతి వినును. వీధిలో పెండ్లివారి సన్నాయి వినును. శ్రద్ధగల తలిదండ్రులు పొరుగుననున్న పంతులమ్మగారి యొద్ద సరళీస్వరములైనను చెప్పింతురు. వసతి పాఠశాల యన్ననో ఇరువదినాలుగు గంటలును తనవే యనును. ఇంటిని, గుడిని, వీధిని, తిరునాళ్లను గేటునకు వెలుపలనే నిలుపును. తలిదండ్రులకు బిడ్డపైనుండు అధికారమంతయు పుచ్చుకొన్నవారు, ఆ తలిదండ్రుల బాధ్యతను మాత్రము పుచ్చుకొనమనుట ఏపాటి ధర్మము? సంగీతము ఇంటివద్ద నేర్చుకొనవచ్చునను సమాధానము, బాలుని ఇంటినుండి తెచ్చి తనయొద్ద నుంచుకొన్నవాని నోట రాదగినది కాదు.

అసలైన గురుకులమెట్టిదో తెలిసికొనుటకు బెజవాడవారు ఉపనిషత్కాలము వరకు పోనక్కరలేదు. త్యాగరాజస్వామి శిష్యులు మానంబుచావడి వేంకటసుబ్బయ్యగారు; వారి శిష్యులు సుసర్ల దక్షిణామూర్తిశాస్త్రిగారు; వారి శిష్యులు పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారు. 1883లో జన్మించి 1951లో కీర్తిశేషులైన పంతులుగారు ఈ నగరముననే గురుకుల పద్ధతిని విద్య గరపినారు. పసితనముననే తల్లిని గోల్పోయిన మంగళంపల్లి బాలమురళీకృష్ణ వారి నీడనే విద్వాంసుడయ్యెను. ఎనిమిదేండ్ల ప్రాయమున విజయవాడలోనే ఆరాధనోత్సవ సభయందు పూర్తి కచేరి చేసెను. వాయులీన విద్వాంసులు అన్నవరపు రామస్వామిగారును ఆ గురుకులమువారే. ఇందు బాలుని ప్రతిభను మాత్రమే మెచ్చి ఊరకుండరాదు. ఎనిమిదేండ్లవానిని వేదికపై కూర్చుండబెట్టు ధైర్యముగల గురువు ఉండెను. చెవి యొగ్గి వినెడు ఊరు ఉండెను. విద్య యెంత ముఖ్యమో సభయు అంత ముఖ్యము. నలుగురి యెదుట పాడక నేర్చిన పాట, ఏటిలో దిగక నేర్చిన యీత వంటిది.

ఈ డెల్టా మట్టినుండియే పుట్టిన మరియొకరిని తలచుకొందము. గుడివాడ చేరువ చౌటపల్లిలో 1922లో జన్మించిన ఘంటసాల వేంకటేశ్వరరావు సంగీతము నేర్చుటకై దూరమున నున్న విజయనగరము పోవలసివచ్చెను. 1919లో స్థాపింపబడి, ఆదిభట్ల నారాయణదాసుగారు తొలి అధ్యక్షులుగా నుండిన సంగీత కళాశాల యది. అచ్చట పట్రాయని సీతారామశాస్త్రిగారి ఆదరమున విద్య నేర్చుచు, ఇంటింట మధుకరము చేసి ఆ బాలుడు కడుపు నింపుకొనెను. నేడు ఆయన పేరనే విజయవాడలో ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల కలదు. ఆనాటి బాలునికి విద్యకు అడ్డము వచ్చినది ఆకలియు దూరమును; వానిని అతడు జోలె పట్టి జయించెను. నేటి బాలునికి మూడు పూటల భోజనమున్నది, సంగీత కళాశాల కొలది మైళ్లలోనున్నది. అడ్డముగా నున్నది మూసిన గేటొక్కటియే. దానిని జయించుటకు వానికి ఏ జోలెయు చాలదు.

ధనార్జనకై వెలసిన సంస్థలనే కాదు, ప్రభుత్వ గురుకులములను కూడ ఈ ప్రశ్న అడుగవలసియున్నది. 1972లో తాడికొండలో గురుకుల పాఠశాల యేర్పడెను. ఆ తాడికొండ చేరువ పొన్నెకల్లులోనే 1920లో షేక్ నాజర్ నిరుపేద యింట పుట్టి, బుర్రకథకు పితామహుడనిపించుకొని, 1986లో పద్మశ్రీ గౌరవమందెను. అట్టి సీమలో గురుకులమునందు చదువు బాలునికి తంబురా పట్టుట తెలియవలదా? గుమ్మెట దరువు వినబడవలదా? కూలి కుటుంబమునుండి గురుకులమునకు వచ్చు బాలిక వట్టి గొంతుతో రాదు. నాట్ల పాటయో, కోలాటపు పాటయో, గుడిలోని భజనయో, చర్చిలోని కీర్తనయో, ఏదో ఒకటి వెంట తెచ్చుకొనును. అయిదేండ్ల చదువు ముగించి యింటికి పోవునాడు ఆ పాట ఆమె గొంతులో మిగిలియుండునా? ఉన్నదానిని పోగొట్టి పంపు చదువును ఏమని పిలువవలెను?

“పేదవాని బిడ్డకు ఇంజనీరింగు సీటే నిచ్చెన, మీరు దానికి అడ్డముగా వీణను పెట్టుచున్నారు” అని కొందరందురు. ఈ మాటను మేము తేలికగా కొట్టివేయము. పొలము తాకట్టుపెట్టి కొడుకును చదివించు తండ్రి భయము మాకు తెలియును. కాని లెక్క చూడుడు. వారమునకు 168 గంటలు. అందు 3 గంటలు మేము అడుగుచున్నాము. మూడు గంటల పాటతో కూలిపోవు నిచ్చెన యైనచో, అది మొదటినుండియు నిలువదగిన నిచ్చెన కాదు. పాడినవానికి మార్కులు హెచ్చునని మేము ఆశ చూపము. సంగీతమును గణితమునకు దాసిగా పంపుటకు మా మనసొప్పదు. వసతి కళాశాలలలో విద్యార్థుల ఆత్మహత్యలను గూర్చి విచారించుటకు 2001లోనే ప్రభుత్వము నీరదారెడ్డి సంఘమును నియమించినది. పాట నేర్పినంతనే ఆ దుఃఖము తీరునని చెప్పుటకు మాకు నోరు రాదు. అయినను దినమంతయు పోటీగా కూర్చుండు నలుబదిమంది బాలురు, ఒకరి నొకరు ఓడింపనక్కరలేక ఒక్క శ్రుతిలో కలియుటకు వారమునకు మూడు గంటలైన నుండవలదా?

“మేము వార్షికోత్సవము చేయుచున్నాము గదా” యని మరికొందరు. ఆ యుత్సవముల తీరు ఊరికి తెలియనిది కాదు. సినిమా పాట యంత్రమునుండి వచ్చును. బాలురు పెదవులు కదలింతురు. మూడు వారములకు కుదుర్చుకొన్న నాట్యశిక్షకుడు మరునాడు వెడలిపోవును. ఛాయాచిత్రములు ప్రకటన పత్రములకెక్కును. అందు పాడినవాడెవడు? నేర్చినదేమి? ఏడాదికొక దీపావళి చేసి, తక్కిన దినములు చీకటిలో నుంచుట దీపము పెట్టుట యనిపించుకొనదు.

చేయదలచినవారికి దారులు లేకపోలేదు. కృష్ణా జిల్లా వేలేరులో జవహర్ నవోదయ విద్యాలయమున్నది. అదియు వసతి పాఠశాలయే. నవోదయ విద్యాలయముల సిబ్బందిలో సంగీతోపాధ్యాయునికి ఒక స్థానము ఏర్పడియున్నది. ఆ పిల్లలును ప్రవేశపరీక్షలు వ్రాయుచున్నారు, నెగ్గుచున్నారు. జర్మనీలోని లైప్‌జిగ్ నగరమున తోమా దేవాలయపు బాలగాయక బృందము 1212 నుండి నడుచుచున్నది. 1723 మొదలు 1750లో మరణించువరకు యోహాన్ సెబాస్టియన్ బాఖ్ ఆ బాలురకు సంగీతాచార్యుడు. నేటికిని వారు వసతిగృహములో నుండి, తక్కిన చదువులును చదువుకొనుచు, వారము వారము పురజనుల యెదుట పాడుదురు. రాజ్యములు మారినవి, యుద్ధములు వచ్చిపోయినవి. పాట మాత్రము ఆగలేదు. మన 1910 నాటి బందరు ఆంధ్ర జాతీయ కళాశాల యుద్దేశమేమి? కోపల్లె హనుమంతరావుగారును వారి మిత్రులును పుస్తకమును, పనిముట్టును, కుంచెను ఒక్క కప్పుక్రిందికి తెచ్చినారు. గుమాస్తాల నుత్పత్తిచేయు చదువు జాతికి చాలదని వారు తెలిసికొనియుండిరి. గుమాస్తాకు బదులు ఇంజనీరును ఉత్పత్తిచేసినంత మాత్రమున ఆ సత్యము అసత్యమగునా?

శాసనములలోను కాగితములలోను కొరత లేదు. సంగీతము, నృత్యము, చిత్రలేఖనము, నాటకము పాఠ్యవిషయములుగా నుండవలెనని 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చెప్పినది. కళలకును శాస్త్రములకును నడుమ గోడ యుండరాదని 2020 నాటి జాతీయ విద్యావిధానము చెప్పినది. కాగితము పాడదు, గొంతు పాడవలెను. కాబట్టి మా కోర్కెలు స్పష్టముగా చెప్పుచున్నాము. వసతి పాఠశాలకు గుర్తింపు నిచ్చునపుడు సంగీతోపాధ్యాయుడు కలడా యని ప్రభుత్వము విచారింపవలెను. ప్రయోగశాల లేనిదానికి గుర్తింపు నీయనట్లే పాట లేనిదానికిని ఈయరాదు. ప్రభుత్వ సంగీత కళాశాలలలో డిప్లమాలు పొంది బ్రతుకుతెరువు వెదకుకొనుచున్నవారిని ఆ స్థానములలో నియమింపవలెను. ప్రతి ఆదివారము సాయంకాలము పాఠశాలలోనే చిన్న సభ జరుగవలెను. ఏడాదిలో ప్రతి బాలుడును, స్వరము మంచిదైనను కాకున్నను, ఒక్కమారైన అందు పాడవలెను. నగరములోని సంగీత సభలును గ్రంథాలయములును నెలకొక సాయంకాలము ఈ పిల్లలకు తమ వేదికలు విడువవలెను.

తలిదండ్రులారా! పాఠశాలలో బిడ్డను చేర్చునాడు రుసుమెంత, ర్యాంకులెన్ని యని అడుగుచున్నారు, అడుగుడు. దానితోపాటు, “మా పిల్లవానికి పాట ఎవరు చెప్పుదురు? వాడు ఎవరి యెదుట పాడును?” అనియు అడుగుడు. సమాధానము లేనిచోట సంతకము పెట్టకుడు. వేయిమంది తండ్రులు ఒక్క వేసవిలో ఈ ప్రశ్న వేసినచో, మరుసటి వేసవికి ప్రతి ప్రాంగణములోను హార్మోనియము వినబడును. బాల్యము తిరిగి రాని ఋతువు. ఆ ఋతువున నాటని విత్తు కోతకు రాదని కృష్ణా రైతుకు మేము వేరుగ చెప్పవలెనా?