తెలుగును దేనితో కలిపి చదవాలి?

2023 వేసవిలో ఒక సాయంత్రం, మా కోరుకొండలో మా వీధి చివరి ఇంటి అమ్మాయి ఇంటర్మీడియెట్ మార్కుల జాబితా పట్టుకుని మా యింటికి వచ్చింది. డిగ్రీ ప్రవేశానికి దరఖాస్తు అంతర్జాలంలోనే పెట్టుకోవాలి (తెలంగాణలో "దోస్త్" పేరుతో 2016లో మొదలైన పద్ధతి మనకు 2020-21లో వచ్చింది). ఏ కళాశాల, ఏ గ్రూపు అన్నవి వరుసక్రమంలో ఇవ్వాలి. దగ్గఱ కూర్చుని పెట్టించమని వాళ్ళ నాన్న నా వద్దకు పంపాడు. నేను కంప్యూటరు తెఱిచేలోగానే ఆ పిల్ల ఒక ప్రశ్న వేసింది.

"బాబాయిగారూ, తెలుగూ, చరిత్రా, కంప్యూటరూ మూడూ కలిపి చదువుకునే డిగ్రీ ఎక్కడైనా ఉందాండీ?"

"అలాంటివి ఉండవమ్మా" అనేశాను. ఒక్క నిమిషమైనా ఆలోచించకుండా అంత తేలికగా అనేసినందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

ఆ కోరికలో వింత ఏముంది? నరసింహస్వామి కొండ నీడన పెరిగిన పిల్ల, గుడిలో రాతిమీది అక్షరాలను ఊహ తెలిసినప్పటి నుండి చూస్తున్నది. 14వ శతాబ్దంలో మంచికొండ వంశపు ముమ్మడినాయకుడు ఈ కోరుకొండ నుండి ఏలాడు. ఆయన కాలపు శాసనాన్ని చదవాలంటే తెలుగు తెలియాలి, అదీ పాత తెలుగు, పాత లిపి. చదివినదాని అర్థం బోధపడాలంటే కాకతీయులు పోయిన తరువాత ఈ గోదావరి సీమలో ఏమి జరిగిందో తెలియాలి. ఇలాంటి వేల శాసనాలలో ఒక మాట ఎక్కడెక్కడ ఉన్నదో వెతకాలంటే కంప్యూటరు చేతికి రావాలి. ఆమె అడిగినవి మూడు వేర్వేఱు చదువులు కావు, ఒకే పనికి కావలసిన మూడు పనిముట్లు. పదిహేడేళ్ళ పిల్లకు తెలిసిన ఈ సంగతి నాకు తోచలేదు.

తెఱమీది పట్టికలో ఆ ప్రశ్నకు చోటే లేదు. మొదట కళాశాల, దాని క్రింద అక్కడ ఉన్న గ్రూపులు. రాజమండ్రి మాకు సుమారు ఇరవై కిలోమీటర్లు. బస్సు ఎన్నింటికి, ఫీజు ఎంత, ఆడపిల్ల చీకటి పడకముందే ఇల్లు చేరుతుందా అన్నవి ముందు తేలుతాయి. కళాశాల తేలిన తరువాత, అక్కడ ఏ అధ్యాపకులు ఉన్నారో ఆ విషయాలే విద్యార్థి "అభిరుచి" అయిపోతాయి. నెట్ సెంటరులో పెట్టించుకున్న పిల్లల సంగతి ఇంకా అన్యాయం. ఈ అమ్మాయి స్నేహితురాలికి అక్కడి కుఱ్ఱవాడు "అందరూ ఇదే పెడుతున్నారండీ" అని తనకు తోచిన గ్రూపు పెట్టేశాడట. ఆ పిల్లకు సీటు వచ్చిన తరువాత గాని తాను ఏమి చదవబోతున్నదో తెలియలేదు.

పాత పద్ధతిని పొగడడం నా ఉద్దేశం కాదు. బి.ఏ. అంటే చరిత్ర, అర్థశాస్త్రం, రాజనీతి, బి.యస్సీ. అంటే గణితం, భౌతికం, రసాయనం, లేకుంటే వృక్ష, జంతు, రసాయన శాస్త్రాలు. మూడేసి విషయాలు ఉండేవి నిజమే, కాని హోటల్లో భోజనం పళ్ళెం లాగా ముందే సర్ది ఉండేవి. తెలుగును ప్రత్యేక విషయంగా తీసుకున్నవాడు బి.ఏ. గోడ దాటి ఇవతలికి రాకూడదు. గణితం వాడికి తెలుగు అంటే ద్వితీయభాష, మార్కులు తెచ్చిపెట్టే ఒక పేపరు, అంతే. 2023-24లో దానినీ తీసివేసి, ఒకే "మేజరు", రెండవ సెమిస్టరు నుండి ప్రక్కన ఒక "మైనరు" అన్నారు. మైనరును వేఱే శాఖ నుండి తెచ్చుకునే స్వేచ్ఛ ఇస్తున్నామన్నారు. కాగితం మీద ఎంత చక్కని మాట! మండల కేంద్రంలోని చిన్న కళాశాలలో ఇద్దరు ముగ్గురు విద్యార్థుల కొఱకు ఎవరు అధ్యాపకుణ్ణి పెడతారు? టైం టేబులులో ఎవరు గంట ఖాళీ చేస్తారు? ఉన్నవారితోనే మైనరు, ఉన్న గంటలోనే స్వేచ్ఛ.

ఒకే విషయం చదివితే లోతు వస్తుందని సమర్థించేవారు కొందరు ఉన్నారు. లోతు కావాలి, కాదనను. కాని లోతు ఎక్కడ పుడుతుందో వారు చెప్పరు. మనకందరికీ పరిచయమైన ఉదాహరణే చెబుతాను. యూనికోడులో తెలుగుకు 1991లోనే 128 గడుల స్థలం దొఱికింది. దొఱికింది కాని నిండలేదు. ౘ, ౙ అక్షరాలూ, మన పాత లెక్కల భిన్నాల గుర్తులూ 2008లో గాని చేరలేదు. నన్నయకు ముందటి శాసనాలలో కనిపించి తరువాత వాడుక తప్పిన ఴ 2014లో చేరింది. నకారపొల్లు 2021 వఱకు ఆగింది. ఎందుకింత ఆలస్యం? శాసనం చదివేవారికి సంకేతలిపి సంగతి తెలియదు, సంకేతలిపి తెలిసినవారికి శాసనం రాదు. రెండూ తెలిసినవారు గాని, ఒకరి మాట ఒకరికి అర్థమయ్యే ఇద్దరు గాని దొఱికినప్పుడే పని జరుగుతుంది. (నేను బండి ఱ వదలనని నవ్వుకునే మిత్రులకు: ఆ అక్షరం మొదటే గడిలో కూర్చుంది కాబట్టి ఈమాత్రం వ్రాయగలుగుతున్నాను.)

మన తరంలో తెలుగును కంప్యూటరు ఎక్కించినవారిలో చాలామంది పగలు ప్రోగ్రాములు వ్రాసి, రాత్రి నిఘంటువు ముందు పెట్టుకుని తెలుగు నేర్చుకున్నవారే. అది గొప్ప విషయమే. అయితే అది వారి పట్టుదలకు దక్కిన ఫలమే గాని, మన విద్యావిధానం చేసిన ఏర్పాటు కాదు. పట్టుదల మీద ఆధారపడి ఎంతకాలం నడుపుతాము?

వెనక్కు చూసినా ఇదే కనిపిస్తుంది. మా రాజమండ్రి వీరేశలింగంగారు కవుల చరిత్రలు వ్రాసిన చేత్తోనే జ్యోతిశ్శాస్త్రం గుఱించీ జంతువుల స్వభావం గుఱించీ తెలుగులో పుస్తకాలు వ్రాశారు. కేంబ్రిడ్జిలో చరిత్ర చదివి, అర్థశాస్త్రం మీద తెలుగులో గ్రంథం వ్రాసిన కట్టమంచి రామలింగారెడ్డిగారే 1914లో కవిత్వతత్త్వ విచారముతో పండితలోకాన్ని కదిలించారు. శ్రీశ్రీ చదివినది జంతుశాస్త్రం. కొడవటిగంటి కుటుంబరావు భౌతికశాస్త్రం చదివి, కాశీలో యం.యస్సీ. మధ్యలో ఆపుకొని వచ్చారు. "మఱి వారికి తెలుగు డిగ్రీ లేకుండానే వచ్చింది కదా" అని ఎదురు ప్రశ్న వేయవచ్చు. వచ్చింది. వారి బడిలో, ఇంట్లో, వీధిలో తెలుగు ఉండేది కాబట్టి వచ్చింది. 2021-22 నుండి మన రాష్ట్రంలో డిగ్రీ చదువంతా ఇంగ్లీషు మాధ్యమంలోకి మార్చివేసిన తరువాత, ఈ తరం పిల్ల దానిని ఎక్కడి నుండి తెచ్చుకోవాలి?

ఇక్కడ తప్పు ప్రభుత్వానిదని చెప్పి చేతులు దులుపుకోవడం సులభం. మన సంగతి చూడండి. తెలుగు మీద ఇంత ప్రేమ ఒలకబోసే మనలో ఎందరు మన పిల్లలకు తెలుగును ప్రధాన విషయంగా తీసుకొమ్మని చెప్పాము? "తెలుగు చదివితే ఏమొస్తుంది" అనే మాటను మనం నోటితో అనము, దరఖాస్తు నింపేటప్పుడు మాత్రం చేత్తో అంటాము. నేను ఆ సాయంత్రం చేసినది అదే. అసలు ఆ ప్రశ్నే పొరపాటు. తెలుగు ఒక్కటే చదివితే ఏమొస్తుందో అడుగుతాము గాని, తెలుగును గణాంకశాస్త్రంతోనో, న్యాయంతోనో, వ్యవసాయంతోనో కలిపి చదివితే ఏమేమి వస్తాయో ఎన్నడూ అడగము. రైతుకు అర్థమయ్యేలా పురుగుమందు డబ్బా మీద నాలుగు వాక్యాలు వ్రాయగలవాడు ఈ డెల్టా మొత్తానికి అవసరం. అటువంటి వాణ్ణి తయారుచేసే గ్రూపు ఏదీ నాకు ఆ పట్టికలో కనబడలేదు.

2022 ఏప్రిల్‌లో యు.జి.సి. ఒకేసారి రెండు డిగ్రీలు చదువుకోవచ్చని అనుమతి ఇచ్చింది. ఒకటి కళాశాలలో, రెండవది దూరవిద్యలోనో అంతర్జాలంలోనో కానివ్వవచ్చు. మిత్రుడొకరు ఇది చూపించి "నీ సమస్య తీరింది కదా" అన్నారు. తీరలేదు. ఒక చోట కలిపి ఇవ్వవలసిన దానిని రెండు చోట్ల విడివిడిగా కొనుక్కోమనడం పరిష్కారమా? రెండు ఫీజులు, రెండు పరీక్షలు, మధ్యలో ఇంటిపని. అది తీరిక, డబ్బు ఉన్నవారి స్వేచ్ఛ.

దారి ఇంతకంటే దగ్గఱలోనే ఉంది. 2021 నిబంధనల ప్రకారం ఒక సెమిస్టరులో నలభై శాతం వఱకు పాఠ్యాంశాలను స్వయం వేదిక ద్వారా అంతర్జాలంలో చదివి, ఆ క్రెడిట్లను డిగ్రీలో కలుపుకోవచ్చు. 2006లో రాజమండ్రిలో ఆదికవి పేరుతో విశ్వవిద్యాలయం పెట్టుకున్నాము. భాషాచరిత్ర, శాసనలిపి, ఛందస్సు మంచి అధ్యాపకులచేత ఒక్కసారి చక్కగా రికార్డు చేయించి, ఏ కళాశాలలో ఏ మేజరు చదివే పిల్లకైనా మైనరుగా అందించమని ఆ విశ్వవిద్యాలయాన్ని మనం అడగాలి. నేను ఉత్తరం వ్రాశాను. మీరూ వ్రాయండి. ఒక్క ఉత్తరానికి కదలనిది యాభై ఉత్తరాలకు కదలవచ్చు.

ఆ అమ్మాయి చివరకు కంప్యూటరు మేజరుగా తీసుకుంది, బస్సు కుదిరిన కళాశాలలో. ఆ మఱుసటి ఫాల్గుణంలో తీర్థానికి కొండెక్కినప్పుడు గుడిలో ఒక రాతిని సెల్‌ఫోనుతో ఫొటో తీసి నాకు చూపించింది. "బాబాయిగారూ, ఈ మూడో వరుసలోది ఏ అక్షరమండీ?" అని అడిగింది. కళ్ళజోడు సవరించుకుని చాలాసేపు చూశాను. నాకు రాలేదు. నేను చదివినది కామర్సు.