వీసా కోసం దీవిలో పడిగాపులు

జగిత్యాల బస్టాండులో సాయంత్రం పూట నిలబడితే ఈ దృశ్యం తరచుగా కనబడుతుంది. కొత్త చొక్కా, తాడుతో బిగించి కట్టిన పెట్టె, చుట్టూ ఇంటిల్లిపాది. తల్లి కొంగుతో కళ్లొత్తుకుంటూ ఉంటుంది. భార్య చంటిపిల్లను చంకనేసుకుని పక్కకు తిరిగి నిలబడుతుంది. "ఏ దేశం తమ్మీ?" అని అడిగితే "దుబాయి" అంటాడు. "ఏం వీసా?" అంటే కాస్త తడబడతాడు. "విజిట్‌దే అన్నా. ఆడికి పోయినంక కంపెనీ వీసా ఇస్తరట" అంటాడు.

ఆ "ఇస్తరట" అన్న మాటలోనే ఉంది కథంతా.

విజిట్ వీసా అంటే చుట్టపుచూపు వీసా. ఊరు చూసి, బంధువులను పలకరించి తిరిగి రావడానికి ఇచ్చేది. దానిమీద కూలి పని చేయడం అక్కడి చట్టం ప్రకారం నేరం. అయినా మన పల్లెల నుంచి ఎంతోమంది ఈ వీసా మీదనే వెళ్తున్నారు. అక్కడ పని వెతుక్కోవాలి. గడువు తీరేలోగా యజమాని దొరకాలి. దొరికినా సరిపోదు. చాలాకాలం పాటు ఎమిరేట్స్‌లో ఉన్న పద్ధతి ఏమిటంటే, విజిట్ వీసా వాడు దేశం దాటి బయటికి పోవాలి, పని వీసా కాగితం చేతికి వచ్చాక మళ్లీ లోపలికి రావాలి. రుసుము కడితే దేశంలోనే వీసా మార్చుకునే వీలు తర్వాత వచ్చింది గాని, ఆ ఖర్చు పెట్టని యజమాని పనివాణ్ణి బయటికే పంపుతాడు.

ఎక్కడికి పోవాలి? ఇంటికి వచ్చి పోవడానికి టికెట్టు డబ్బులు లేవు. అందుకే పొరుగు దేశం.

కిష్ దీవి కష్టాలు

దుబాయి నుంచి గంటలోపు విమాన ప్రయాణంలో ఇరాన్‌కు చెందిన కిష్ అనే దీవి ఉంది. అది స్వేచ్ఛా వాణిజ్య మండలం. ముందుగా వీసా లేకుండా 14 రోజులు ఉండనిచ్చేవారు. దీంతో అది గల్ఫ్ కూలీలకు నిరీక్షణ శిబిరంగా మారిపోయింది. భారతీయులు, పాకిస్తానీలు, ఫిలిప్పీన్స్ ఆడవాళ్లు, ఈజిప్టువాళ్లు అందరూ అక్కడ కాగితం కోసం ఎదురు చూసినవారే.

మా పక్క ఊరి రైతు ఒకాయన ఇరవై ఏళ్ల కిందట ఆ దీవిలో ఉండి వచ్చాడు. ఇప్పుడు రెండెకరాలు సాగు చేసుకుంటున్నాడు. "మూడు రోజులల్ల వీసా వస్తదని చెప్పి విమానం ఎక్కిచ్చిండ్రు. పదకొండో రోజు దాక రాలే. ఒక్క రూములో ఎనిమిది మందిమి. పొద్దున లేస్తే కౌంటరు కాడ నిలబడుడే, పేరు పిలుస్తరేమోనని. పైసలు ఒడిసినంక రొట్టె, చాయతోనే ఎల్లదీసినం. మా అవ్వకు మాత్రం పనిలకు పోతున్ననే చెప్పిన" అన్నాడు.

ఆయనకు వీసా వచ్చింది. రానివాళ్ల గతి ఏమిటి? హోటలు బాకీ పెరుగుతుంది. గడువు దాటితే జరిమానా పడుతుంది. తిరుగు టికెట్టు కొనలేరు. ఫోను చేస్తే ఏజెంటు ఎత్తడు. యజమాని "రేపు" అంటాడు. దుబాయిలో ఉంటే పది మంది ఊరివాళ్లు చందా వేసుకుని ఆదుకుంటారు. ఆ దీవిలో ఎవరున్నారు?

ఈ రాకపోకలలో ప్రాణాలే పోయిన రోజు కూడా ఉంది. 2004 ఫిబ్రవరి 10న కిష్ నుంచి షార్జా వచ్చిన విమానం విమానాశ్రయం దగ్గరనే కూలిపోయింది. అందులో ఉన్న 46 మందిలో 43 మంది మరణించారు. వారిలో వీసా మార్పు కోసం వెళ్లి వస్తున్న పరదేశపు కూలీలున్నారు, భారతీయులున్నారు. చేతికొచ్చిన పని వీసా మీద ఒక్క రోజైనా పని చేయకుండానే వారి బతుకు ముగిసింది.

ఇరవై ఏళ్లు దాటినా బుద్ధి రాలేదు. ఉద్యోగాలిప్పిస్తామని, వేరే దేశానికి దాటిస్తామని నమ్మించి కొందరు భారతీయులను ఇరాన్‌కు తీసుకుపోయి, అక్కడ బంధించి, ఇంటివాళ్ల నుంచి డబ్బు గుంజిన సంఘటనలు జరిగాయి. ఆ కారణంగానే 2025 నవంబరు 22 నుంచి సాధారణ పాస్‌పోర్టు గల భారతీయులకు వీసా లేని ప్రవేశాన్ని ఇరాన్ నిలిపివేసింది. మన విదేశాంగ శాఖ కూడా హెచ్చరిక జారీ చేసింది. ఆ హెచ్చరిక ఢిల్లీలో వెలువడింది. మన గ్రామ పంచాయతీ గోడ దాకా వచ్చిందా?

నేపాల్ దారి, లంక దారి

ఒక దారి మూస్తే దళారులు ఇంకో దారి తెరుస్తారు. నేపాల్ పోవడానికి మనకు వీసా అక్కరలేదు. 2021 ఫిబ్రవరిలో కరోనా కారణంగా సౌదీ అరేబియా మన దేశంతో సహా 20 దేశాల నుంచి నేరుగా రావడాన్ని ఆపేసింది. సెలవు మీద వచ్చిన కూలీలు అకామా గడువు తీరిపోతుందన్న భయంతో ఖాట్మండు వెళ్లి, అక్కడ 14 రోజులు గడిపి, సౌదీ విమానం ఎక్కారు. ఏప్రిల్ చివర నేపాల్ కూడా ఆ దారి మూసింది. అప్పటికే అక్కడికి చేరినవారు అప్పు చేసి తెచ్చిన డబ్బును హోటళ్లకు పోసి ఆకాశం చూశారు.

ఆడవాళ్ల సంగతి మరీ అన్యాయం. పదో తరగతి పాసు కాని స్త్రీలు ముప్పై ఏళ్లు నిండకుండా గల్ఫ్ దేశాలకు పనికి వెళ్లడానికి మన ప్రభుత్వం అనుమతి ఇవ్వదు. 2016 నుంచి ప్రభుత్వ సంస్థల ద్వారానే వెళ్లాలనే నియమం కూడా ఉంది. వారి రక్షణ కోసమే ఈ నియమం. కాని కడప, గోదావరి జిల్లాల నుంచి కువైట్ ఇళ్లలో పనికి పోయే స్త్రీలను దళారులు శ్రీలంక మీదుగా, మరో దేశం మీదుగా దాటించిన ఉదంతాలు ఎన్నో పత్రికలకెక్కాయి. అలా దొడ్డిదారిన పోయిన మనిషికి ఇంట్లో కొట్టినా, జీతం ఎగవేసినా, ఆమె ఎక్కడుందో చెప్పే కాగితం ఒక్కటీ ఉండదు.

చట్టం ఉంది, సందూ ఉంది

1983 నాటి వలసల చట్టం ప్రకారం పదో తరగతి పాసు కానివారి పాస్‌పోర్టు మీద ఇసిఆర్ ముద్ర పడుతుంది. వారు గల్ఫ్ దేశాలతో సహా 18 దేశాలకు పనికి పోవాలంటే అనుమతి కావాలి. యజమాని పేరు, జీతం, పని ఒప్పందం చూపాలి. ప్రవాసీ భారతీయ బీమా చేయించాలి. రూ. 275 కడితే రెండేళ్లు, రూ. 375 కడితే మూడేళ్లు. ప్రమాదంలో చనిపోతే కుటుంబానికి రూ. 10 లక్షలు వస్తాయి. రిజిస్టరు అయిన ఏజెంటు తీసుకోదగిన రుసుము రూ. 30,000, దానిపై పన్ను రూ. 5,400. అంతకు మించి ఒక్క రూపాయి తీసుకోకూడదు.

విజిట్ వీసా వాడికి ఇవేవీ వర్తించవు. రానుపోను టికెట్టు చూపితే చాలు, విమానం ఎక్కవచ్చు. ఒప్పందం లేదు, బీమా లేదు, ప్రభుత్వ లెక్కలో పేరు లేదు. ఇదే దళారికి వరం. రూ. 275 బీమా తప్పించుకున్నవాడు రూ. 10 లక్షల భరోసా పోగొట్టుకుంటున్నాడని అతనికి చెప్పేవారు లేరు.

దళారి మాత్రం లక్షన్నర తీసుకుంటాడు. రశీదు ఇవ్వడు. ఆ డబ్బు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చాడనుకుందాం. నెలకు వడ్డీయే రూ. 3,000. రెండు నెలలు పని వెతుకుతూ, పదిహేను రోజులు పొరుగు దేశంలో పడిగాపులు కాస్తూ ఉంటే మొదటి జీతం రాకముందే వడ్డీ నెత్తికెక్కుతుంది. అందుకే ఎంత తక్కువ జీతం అన్నా తల ఊపుతాడు. పని దొరకకపోతే గడువు దాటి 'కల్లివెల్లి' అయి దొంగచాటుగా బతుకుతాడు.

"లైసెన్సు ఏజెంటు దగ్గరికి పోయినా లక్షే అడుగుతున్నడు, అందులో నెలల తరబడి తిప్పుతున్నడు. విజిట్ అయితె వారంల పోవచ్చు" అంటారు యువకులు. వారి మాటలో నిజం లేకపోలేదు. ఎదురుగా కూచుని మాట్లాడి పని ఖాయం చేసుకోవచ్చు, జీతం అడగవచ్చు అనేది కూడా నిజమే. అలా పోయి బాగుపడినవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు. వాళ్ల మిద్దెలు రోడ్డు మీదికి కనబడతాయి. దీవిలో ఆకలితో పడుకున్నవాడి కథ ఎవరికీ కనబడదు. సిగ్గుతో అతనే చెప్పుకోడు. కాబట్టి కూలీని తప్పుపట్టి లాభం లేదు. సక్రమమైన దారి సుళువుగా లేనంత కాలం అక్రమపు దారి నడుస్తూనే ఉంటుంది.

చేయవలసింది

మొదట, విదేశాల్లో విజిట్ వీసాను పని వీసాగా మార్చుకున్న ఇసిఆర్ కార్మికుని ఒప్పందాన్ని మన రాయబార కార్యాలయం నమోదు చేసుకుని, బీమా కల్పించే ఏర్పాటు కేంద్రం చేయాలి. 2025లో కొత్త వలసల బిల్లు ముసాయిదా వెలువడింది గనుక ఈ సందు పూడ్చడానికి ఇదే అదను.

రెండవది, రాష్ట్ర ప్రభుత్వపు టామ్‌కామ్ హైదరాబాదులో కూర్చుంటే చాలదు. జగిత్యాల, సిరిసిల్ల, నిర్మల్, కామారెడ్డిలలో నెలకొకసారైనా మండల కేంద్రాలకు వచ్చి, ఏయే దేశంలో ఏ పని ఉంది, జీతమెంత అన్నది తెలుగులో చెప్పాలి.

మూడవది, రశీదు లేకుండా డబ్బు తీసుకునే సబ్ ఏజెంటు మీద ఫిర్యాదు వస్తే పోలీసులు పెద్దమనుషుల పంచాయతీకి వదలకుండా కేసు కట్టాలి. సగం డబ్బు ఇప్పించి రాజీ చేస్తే మిగతా సగంతో అతను రేపు మరొకణ్ణి పంపుతాడు.

నాల్గవది, ఊరు విడిచి పోయేవారి పేరు, దేశం, వీసా రకం, ఏజెంటు పేరు గ్రామ పంచాయతీలో ఒక పుస్తకంలో రాసి ఉంచాలి. దీనికి పైసా ఖర్చు లేదు. మనిషి జాడ తెలియనినాడు ఆ పుస్తకమే దిక్కవుతుంది.

గల్ఫ్‌లో చనిపోయినవారి కుటుంబాలకు రూ. 5 లక్షలు ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం 2024లో ఉత్తర్వు ఇచ్చింది. సంతోషమే. కాని పెట్టె ఇంటికి వచ్చాక ఇచ్చే ఐదు లక్షల కంటే, పెట్టె కట్టుకుని బయలుదేరేనాడు చెప్పే నాలుగు మంచి మాటలు ఎక్కువ విలువైనవి.

పోయే తమ్ముళ్లకు ఒక్క మనవి. బస్సెక్కే ముందు మీ ఏజెంటును మూడు ప్రశ్నలు అడగండి. నీ లైసెన్సు నంబరెంత? నా యజమాని పేరేమిటి? వీసా మార్చడానికి నన్ను మరో దేశం పంపితే అక్కడ తిండికి, పడకకు, తిరుగు టికెట్టుకు ఎవరు పెట్టుకుంటారు? జవాబు "సూద్దాం తియ్" అని వస్తే పెట్టె తాడు విప్పి ఇంటికి తిరగండి. పోయింది ఒక ప్రయాణమే. మిగిలింది మీ రెండెకరాలు.