పాస్‌పోర్టును బట్టి జీతమా?

కేంద్ర విదేశాంగ మంత్రి గారికి,

గల్ఫ్‌లో ఒకే పనికి పాస్‌పోర్టును బట్టి జీతం మారుతుంది. తమ ఇంటిపనివారికి నెలకు 400 డాలర్లకు తగ్గితే కుదరదని ఫిలిప్పీన్స్ 2006లోనే తేల్చి చెప్పింది. ఆ జీతం ఎగ్గొట్టే యజమానులూ ఉన్నారు. కానీ నిలదీసి అడగడానికి ఒక అంకె అంటూ ఉంది. మనవాళ్లేమో 2020 సెప్టెంబరులో, కరోనా కష్టకాలంలో, గల్ఫ్ కార్మికుల కనీస సిఫారసు వేతనాలను 30 నుంచి 50 శాతం దాకా కోసేశారు. గోల జరిగి, విషయం కోర్టుకెక్కాక మరుసటి ఏడాది ఆ కోతను వెనక్కి తీసుకున్నారు.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల్లో అడిగి చూడండి. ఏజెంటుకు కట్టడానికి వడ్డీకి అప్పు తెస్తారు. దిగగానే పాస్‌పోర్టు కఫీల్ (వీసాకు పూచీ ఉండే యజమాని) చేతిలోకి పోతుంది. చదవలేని అరబ్బీ కాగితం మీద వేలిముద్ర పడుతుంది. కంపెనీ మూతపడితే నెలల జీతం వదులుకుని ఉత్తచేతులతో విమానమెక్కాలి. ఊరొచ్చాక ఆ బాకీ కోసం ఏ కోర్టు తలుపు తట్టాలో చెప్పే నాథుడుండడు.

మన చట్టం సరిహద్దు దాటదంటారు. మన కార్మికులు పంపే డబ్బు మాత్రం దాటి వస్తోంది కదా!

వలస కార్మికుల హక్కులపై ఐక్యరాజ్యసమితి 1990లో ఆమోదించిన ఒప్పందంపై భారత్ ఇంతవరకు సంతకం చేయలేదు. గల్ఫ్ దేశాలూ చేయలేదు. ముందు మీరు చేయండి, ఆ తర్వాత వాళ్లను అడగండి.

ఇట్లు,
ఒక గల్ఫ్ కార్మికుడి అన్న