పాదచారిదే తప్పా?

రహదారిపైఁ బ్రమాదము జరిగినప్పుడెల్ల “నడచువాఁడు చూచుకొనవలదా?” యను ప్రశ్న ముందు పుట్టును. ప్రశ్న న్యాయమైనదే; కాని సగము న్యాయము. మదనపల్లె టమాటా లారీలు పుంగనూరు మీఁదుగా పలమనేరు వైపు సాగు బాటలోనే బడిపిల్లలును సంతకు వచ్చు రైతులును నడచుచున్నారు. కుప్పమున మూఁడు రాష్ట్రముల బండ్లు కలియుచున్నవి. కాలిబాట లేనిచోట, ఉన్నదానిని అంగడి సరకు ఆక్రమించినచోట, పాదచారిని ఎక్కడ నడువుమందురు?

2018 ఏప్రిలులోఁ గేంద్ర ప్రభుత్వము పురపాలక పరిధిలోని రోడ్లపైఁ గార్లకు గంటకు 70 కిలోమీటర్ల గరిష్ఠవేగము నిర్ణయించెను. వేగము రెట్టింపైన, బ్రేకు వేసిన పిమ్మట బండి నిలుచుటకు వలయు దూరము నాలుగింతలగును. జనులును వాహనములును కలసి సాగు వీధులలో వేగము 30 మించరాదని 2020 నాఁటి స్టాక్‌హోం ప్రకటన కోరినది.

సరకు ఆలస్యమగునని వర్తకులందురు. మూఁడు కిలోమీటర్ల పట్టణవీధిని 60 వేగముతో దాఁటుటకు మూఁడు నిమిషములు, 30తో దాఁటుటకు ఆఱు. ఆ మూఁడు నిమిషములలో టమాటా క్రుళ్లదు.

ఇందులకుఁ గ్రొత్త చట్టము అక్కఱలేదు. 1988 మోటారు వాహనముల చట్టము 112వ సెక్షను, ప్రజాక్షేమార్థము తక్కువ హద్దు విధించు అధికారమును రాష్ట్రమున కిచ్చియే యున్నది. ప్రభుత్వమువారు ఈ పట్టణముల అంగడి వీధులలోను బడుల యెదుటను 30 కిలోమీటర్ల హద్దు విధించి, ఫలకములు నాటించి, కాలిబాటలను విడిపింపవలెను. పాదచారియు ఫోను చూచుచు రోడ్డు దాఁటరాదు. గుర్తు వేసిన చోటనే దాఁటవలెను.

బాధ్యత యిరువురిదే. కాని తప్పునకు నడచువాఁడు చెల్లించునది ప్రాణము. నడపువాఁడు తఱచుగాఁ జెల్లించునది జరిమానా. కావున హద్దు మొదట చక్రమునకే యుండవలెను.