ఇంపాలాకు జీర్ణోద్ధరణ వద్దు

అమెరికాలో పాతకార్లు అమ్మేవారి దగ్గర ఒక నిఘంటువు ఉంది. అందులో ఏ మాటకూ దాని సొంత అర్థం ఉండదు. "ఒరిజినల్" అంటే ఒకటి రెండుసార్లు రంగు వేసినది. "సర్వైవర్" అంటే రంగు వేయించడానికి ఇంకా డబ్బు కుదరనిది. "నంబర్స్ మ్యాచింగ్" అంటే నంబర్ల సంగతి అడగవద్దని మర్యాదగా చెప్పడం. దశాబ్దాల తరబడి పిల్లలకు శబ్దార్థాలు చెప్పి బతికినవాణ్ణి కనుక ఈ శబ్దాపచారమే నాకు ముందుగా తగిలింది. తెలుగు పండితుడికి కార్లతో ఏం పని అని మిత్రులు నవ్వుకోవచ్చు. నవ్వండి. కానీ అసలుప్రతి ఏది, దిద్దినప్రతి ఏది అన్న తగవు మా వృత్తిలో పాతది. ఆ కళ్ళజోడుతో చూస్తే ఈ బండ్ల వ్యవహారం నాకు అంత పరాయిదిగా తోచలేదు.

1969 నాటి షెవ్రొలే ఇంపాలా ఎస్సెస్ 427ను తీసుకుందాం. సుమారు పద్దెనిమిది అడుగుల పొడవు, ముందు వెనుక ఇరుసుల మధ్య 119 అంగుళాలు, లోపల 427 ఘనపుటంగుళాల, అంటే దాదాపు 7 లీటర్ల, వి-8 ఇంజను. ఇంటిల్లిపాదీ ఎక్కే సంసారి బండికి పందెపు గుర్రం గుండెను అమర్చారన్నమాట. 'మజిల్ కారు' అనే బిరుదు 1964 పాంటియాక్ జీటీవో వంటి మధ్యమ పరిమాణపు బండ్లకే చెల్లుతుందని వాదించే శుద్ధాచారులున్నారు. 1961లోనే 409 ఇంజనుతో ఇంపాలా సూపర్ స్పోర్ట్ వచ్చిందని వారికి గుర్తుచేసి, ఆ తగవును అక్కడే వదిలేస్తాను. 1969లో తయారైన ఎస్సెస్ 427లు 2,455 అని లెక్క. ఆ ఏటితో ఆగిన ఎస్సెస్ పేరు ఇంపాలా మీద మళ్ళీ 1994లో గాని కనిపించలేదు.

ఇక్కడే చిక్కు. 1964 నుంచి 1967 దాకా ఎస్సెస్ బండి జాతి దాని క్రమసంఖ్యలోనే తెలిసేది. 1968, 1969లలో ఎస్సెస్ అన్నది కొనేవాడు కోరుకునే అదనపు హంగు మాత్రమే. 1969 క్రమసంఖ్య 164తో మొదలైతే అది వి-8 ఇంజను గల ఇంపాలా అని అర్థం. అంతకుమించి ఒక్క అక్షరం చెప్పదు. కనుక మామూలు ఇంపాలాను పట్టుకొని, ఎక్కడినుంచో ఒక 427 ఇంజను తెచ్చి దించి, ముందు చక్రాలకు డిస్కు బ్రేకులు పెట్టి, పదిహేను అంగుళాల చక్రాలు తొడిగి, రెక్కల మీద ఎస్సెస్ చిహ్నాలు బిగిస్తే ఆ బండి నకిలీదని బయటినుంచి చెప్పగలవాడు అరుదు. ప్రక్షిప్త శ్లోకం ఛందస్సు తప్పకుండా కూర్చుంటే ఎంత కష్టమో ఇదీ అంతే.

మరి అసలుదానికి సాక్ష్యం ఏది? మూడు నాలుగు చోట్ల ఉంటుంది. ఇంజను దిమ్మ మీద కుడివైపు ముందుభాగాన చెక్కిన అంకెలు. వారంటీ పుస్తకంలో బిగించిన 'ప్రొటెక్టో ప్లేట్' అనే చిన్న లోహపు రేకు. అన్నిటికంటే విలువైనది బిల్డ్ షీట్: ఆ బండికి ఏమేమి బిగించాలో కార్మికులకు చెప్పే కాగితం. పని అయ్యాక దాన్ని సీటు స్ప్రింగుల మధ్యనో, పెట్రోలు ట్యాంకు పైననో వదిలేసేవారు. యాభై ఏళ్ళు దాటినా ఆ కాగితం అక్కడే నలిగి, నూనె మరకలతో దొరికిన సందర్భాలున్నాయి. తాళపత్రానికి చెదలు శత్రువు. ఈ కాగితానికి శత్రువు ఎవరో తెలుసునా? కొత్త సీటు గుడ్డ కుట్టడానికి వచ్చిన పనివాడు. పాత గుడ్డ, పాత దూది, వాటితోపాటు బండి జాతకం, అన్నీ ఒకే చెత్తబుట్టలోకి!

నా అభియోగం ఇదే. బాగా నిలిచిన బండికి చేసే జీర్ణోద్ధరణ దాని సాక్ష్యాన్ని చెరుపుతుంది. ఇంజను దిమ్మ పైభాగాన్ని సాపు చేస్తే ఆ అంకెలు పోతాయి. పోయినచోట కొత్తవి కొట్టే ఘనులూ ఉన్నారు. రంగు గీకితే ఫ్యాక్టరీ వేసిన యాక్రిలిక్ లాకర్ పోతుంది. అది ఇవాళ్టి రంగులంత లోతుగా మెరవదు, దాని మీద నారింజ తొక్కవంటి గరుకు కనిపిస్తుంది, తలుపు అంచుల్లో పలుచబడుతుంది. ఆ లోపాలే దాని సంతకం. అడుగున తనిఖీదారు సుద్దతో గీసిన గుర్తు, తొందరలో పక్కకు చిందిన నల్లరంగు, ఇవన్నీ ఒకనాడు ఒక మనిషి చేయి అక్కడ కదలిందన్న దానికి ఆధారాలు. ఇంపాలాలు కట్టిన జేన్స్‌విల్ కర్మాగారంలో కార్ల తయారీ 2008లో నిలిచిపోయింది. లార్డ్స్‌టౌన్‌ది 2019లో మూతపడింది. ఇంపాలా పేరే 2020లో ఆగిపోయింది. ఆ చేతిగుర్తులు ఇక బండ్ల మీదనే మిగిలాయి. హాస్యం ఏమిటంటే, కొందరు వాటిని శుభ్రంగా కడిగేసి, తరువాత అచ్చు పెట్టి అవే సుద్ద గుర్తులను కొత్తగా వేయిస్తారు!

ఈ పనికి వారు పెట్టిన పేరు 'రొటిసరీ' జీర్ణోద్ధరణ. బండి దేహాన్ని ఊచకు గుచ్చి గిరగిరా తిప్పుతూ గీకుతారు. మాంసం కాల్చే పద్ధతి పేరు దీనికి పెట్టిన వాడెవడో గాని, నిజం చెప్పాడు.

మహాభారతానికి శుద్ధప్రతి సిద్ధం చేసిన పూనా భండార్కర్ సంస్థ పండితులు దశాబ్దాలపాటు, 1966 దాకా, శ్రమించారు. ప్రక్షిప్తమని తోచినదాన్ని కూడా వారు చింపి పారవేయలేదు. అడుగు జ్ఞాపికలోకో, అనుబంధంలోకో దించి అచ్చువేశారు. తరువాతివాడు తమతో విభేదించే హక్కును కాపాడారు. మన గుళ్ళలో జరిగింది వేరు. శాసనాల మీద ఏటేటా సున్నం కొట్టి, కొన్నిచోట్ల ఇసుకతో రుద్దించి, శుభ్రం చేశామని సంతోషించాం. ఇంపాలాకు కొత్తరంగు వేయించి వేలంలో నిలబెట్టేవాడు ఈ సున్నం జాతివాడే.

మెరవని బండికి ధర రాదంటారు. అయితే 2024 పెబుల్ బీచ్ పోటీలో అగ్రస్థానం దేనికి దక్కింది? 1934 నాటి బుగాటి టైప్ 59కు. జీర్ణోద్ధరణ చేయని బండ్ల తరగతినుంచి ఆ గౌరవం పొందిన మొదటి కారు అది. కోటీశ్వరుల బుగాటికి చెల్లినది సంసారి ఇంపాలాకు చెల్లదంటే అది రుచిభేదం కాదు, అంతస్తుభేదం.

మరొకరు భద్రత అంటారు. ఆ మాట సమంజసం. పాత రబ్బరు టైర్ల మీద బండిని వేగంగా తోలడం మూర్ఖత్వం. ఇథనాల్ కలిసిన నేటి పెట్రోలు ఆనాటి రబ్బరు గొట్టాలను తినేస్తుంది. బ్రేకు గొట్టాలు, ఇంధన గొట్టాలు, టైర్లు మార్చవలసిందే. చట్రం తుప్పుతో చిల్లులు పడితే అతుకు వేయవలసిందే. నేను అంటున్నది బాగా నిలిచిన బండి గురించి. ప్రాణం పోయినదాన్ని గురించి కాదు. మార్చిన ప్రతి భాగాన్నీ చీటీ కట్టి పెట్టెలో దాచి, బండితోపాటు కొన్నవాడికి అప్పగించాలి. అయితే భద్రత పేరు చెప్పి మొదలుపెట్టినవాడు సీటు గుడ్డ దాకా ఎందుకు వెళ్తాడో నాకు ఎవరూ చెప్పలేదు.

ఈ వాదం విని కొందరు తెలివైనవాళ్ళు కొత్తరంగును ఉప్పుకాగితంతో రుద్ది, పైన మెరుపుపూత పూసి "పాటినా" అని అమ్మడం నేర్చారు. పొగబెట్టి తాళపత్రాన్ని ముసలిదాన్ని చేసినట్టు.

కనుక అమ్మేవారికి నా కోరిక చిన్నది. ప్రకటనలో విశేషణాలు తగ్గించి వివరాలు రాయండి. ఏ పలక మీద రంగు ఫ్యాక్టరీది, ఏ పలక మీద కాదు? దిమ్మ మీది అంకెలు ఏమిటి? 390 అశ్వశక్తి అని రాస్తే అది ఆనాటి స్థూలగణన అని కూడా రాయండి. 1972 నుంచి లెక్క పద్ధతి మారింది. కాగితం దొరికితే దాని ఛాయాచిత్రం పెట్టండి, దొరకకపోతే ఎస్సెస్ అని రుజువు లేదని చెప్పండి. కొనేవారు మాత్రం మెరుపు చూసే ముందు వెనుక సీటు ఎత్తి, స్ప్రింగుల మధ్య చేయి పెట్టి వెదకండి. బయానా ఇచ్చేది ఆ తరువాతనే.